ఎడంపక్క నంబర్లు

తెల్లారి అయిదుంపావుకి టైమాఫీసు తలుపు తీసి, కంప్యూటర్ ఆన్ చేసి, బదిలీ లిస్టు ఉన్న ఎక్సెల్ షీటు తెరిస్తే గీతలు లేవు. నిన్న సాయంత్రం నేను మూసి వెళ్ళినప్పుడు గళ్ళుగళ్ళుగా ఉన్న షీటు ఉతికి ఆరేసిన పంచెలా తెల్లగా ఉంది. అక్షరాలు చీమలంత అయిపోయాయి. పైన ఏ, బీ, సీలు లేవు. ఎడంపక్క ఒకటి, రెండు, మూడు అని ఉండే నంబర్లు లేవు. ఆరింటికి మొదటి షిఫ్టు. అయిదూముప్పావుకల్లా లిస్టు గేటు దగ్గర ఉండాలి. బయట నూటెనభైమంది కేరేజీలు పట్టుకుని నిల్చుని ఉన్నారు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎవరు ముట్టుకున్నారు నా కంప్యూటర్ని అని ఖాళీ గదిలోనే నాలుగు తిట్టాను. తర్వాత వ్యూలోకి వెళ్ళాను. గ్రిడ్‌లైన్స్ పక్కన టిక్కు తీసేసి ఉంది, పెట్టాను, గీతలొచ్చాయి. హెడింగ్స్ పక్కన టిక్కు లేదు, పెట్టాను, ఎడంపక్క నంబర్లొచ్చాయి. జూమ్ అరవైలో ఉంటే వందకి తెచ్చాను. అరనిమిషం పని. ప్రింటు తీసి, కింద మూల నా పొట్టి సంతకం గీకి పంపేసాను. మర్నాడు తెల్లారి మళ్ళీ అదే. ఆ మర్నాడూ అదే.

మాది గోనెసంచుల మిల్లు. విజయనగరం దాటాక రోడ్డు పక్కనే, పేరెందుకులెండి. రాష్ట్రం రెండైన మరుసటి ఏడు నేనక్కడ కంప్యూటర్ ఆపరేటర్ని. సాలూరు లారీల్లో గోగునార బేళ్ళు దిగేవి. లోపల మిషన్ల మీద పర్మినెంటు వాళ్ళు, గేటు బయట బదిలీ వాళ్ళు. పర్మినెంటు మనిషి ఆ రోజు రాకపోతే అతని మిషను మీదకి ఒక బదిలీ మనిషిని పిలుస్తారు. పిలిస్తే ఒక దినం పడినట్టు. పిలవకపోతే తెచ్చుకున్న కేరేజీ తిరిగి ఇంటికి మోసుకుపోవడమే. ఏడాదిలో రెండువందల నలభై దినాలు పడ్డవాడికి పర్మినెంటు చెయ్యమని అడిగే హక్కు ఉంది. అందుకని గేటు బయట ప్రతి మనిషికీ తన దినాలు ఎన్నో నిద్రలో లేపి అడిగినా తెలుసు.

ఎవరిని పిలవాలో చెప్పేది ఆ లిస్టే. మా వైపు సగం మంది మగాళ్ళది సింహాచలం దేవుడి పేరు, మిగతా సగానిది ఊరి అమ్మవారి పేరు. గేటు దగ్గర ఒక పేరు పిలిస్తే పదిమంది పలుకుతారు. అందుకని మిల్లులో పేర్లతో పని లేదు, ఇత్తడి బిళ్ళ మీద నంబరే మనిషి. మా బావ నూట పదిహేడు. పెళ్ళిభోజనాల్లో కూడా ఆయన జతగాళ్ళు ‘ఒరే నూట పదిహేడూ, ఇటు కూకోరా’ అనేవారు.

బావంటే మా అప్ప మొగుడు. మా వైపు అక్కని అప్ప అంటాం. అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు. అప్ప రెండో తరగతి మధ్యలో పలక అటక మీద పడేసి నన్ను చంకనెత్తుకుంది. నేను డిగ్రీ గట్టెక్కి, శ్రీకాకుళంలో కంప్యూటర్ కోర్సు చేసానంటే అది దాని చలవ. ‘మా సెల్లిని నానే సదివించినాను’ అని కూరలమ్మే మనిషికి కూడా చెప్పేది.

బావ వాళ్ళది పాతపట్నం దగ్గర పల్లె. మెట్టభూమి, వాన పడితే పంట, లేకపోతే లేదు. ఆరేళ్ళుగా మిల్లులో బదిలీ. ఈ ఏడు కూడా పర్మినెంటు కాకపోతే హైదరాబాదు వచ్చెయ్యండి, అపార్టుమెంటు వాచ్‌మన్ పని చూసి పెడతానని బావ అన్నగారు ఫోన్ల మీద ఫోన్లు. అప్పకి అది చచ్చినా ఇష్టం లేదు. ‘మెట్ల కింద గదిలో నానుండలేనే. ఇంకొకల్లు గంట కొడితే లగెత్తడానికి నాను రాను’ అనేది. బావకి ఆ ఏడు దినాలు బాగా పడుతున్నాయి. రెండువందలు దాటేసాడు. ఇంకా రెండు నెలల పైచిలుకు ఉంది. అప్ప మొక్కులు కూడా మొక్కేసింది.

పొద్దున్నే గేటు లోపలికి నేను వెళ్తుంటే బావ క్యూలోంచి ఏదో ఒకటి అనకుండా ఉండేవాడు కాదు. ‘ఏటే గుంటా, కంపూటరమ్మకి దండం ఎట్టి నా నంబరు మొదల ఎట్టు’ అనేవాడు. ‘నీ మొహానికి అదొక్కటే తక్కువ’ అని నేను చెయ్యి ఊపి పోయేదాన్ని. చుట్టూ అందరూ నవ్వేవారు.

ఇక మావ సంగతి చెప్పాలి. పెద్ద టైమ్‌కీపరు. సొంత మావ కాదు, మా నాన్న ఊరివాడు, వరసకి మావ. ఆ ఉద్యోగంలో నన్ను పెట్టించింది ఆయనే. ముప్ఫై ఏళ్ళు ఆ లిస్టుని పెద్ద బౌండు పుస్తకంలో చేత్తో రాసాడు. కంప్యూటర్ వచ్చిన కొత్తలో మౌస్ పట్టుకోమంటే చేతికి చెమటలు పట్టేవి. నేనే పక్కన కూర్చుని నేర్పాను. క్లిక్కంటే ఏమిటి, గడి అంటే ఏమిటి, సేవ్ ఎందుకు చెయ్యాలి, అన్నీ. నన్ను ‘గురువమ్మా’ అని పిలిచేవాడు. వాళ్ళావిడ చేసింది తినమని రోజూ ఏదో ఒక పిండివంట తెచ్చేవాడు. నాకు ఇరవైనాలుగేళ్ళు, అంత పెద్దమనిషి గురువమ్మా అంటే ఉప్పొంగిపోనా మరి.

ఆ పుస్తకంలో ఆయన పద్ధతి ఒకటి ఉండేది. బదిలీ మనిషి ఎవరైనా చచ్చిపోతే ఆ పేరు మీద గీత కొట్టేవాడు కాదు. పక్కన పసుపుబొట్టు పెట్టి ఊరుకునేవాడు. బొట్టున్న పేరుని గేటు దగ్గర చదవడు, అంతే. పేరు కొట్టేస్తే పిల్లలకి తగుల్తుందట. మిల్లులో అందరికీ ఆ మాట మీద గురి. చచ్చిపోయినవాళ్ళ పెళ్ళాలు ఎప్పుడైనా వచ్చి, ‘బాబూ, మా మనిసి పేరు ఉన్నాది కదా’ అని అడిగి, చూపిస్తే చూసుకుని వెళ్ళేవారు. వాళ్ళ బిళ్ళ నంబర్లు కూడా మళ్ళీ ఎవరికీ ఇచ్చేవారు కాదు.

పుస్తకం కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు మావ అడిగాడు.

‘గురువమ్మా, ఇందల బొట్టు ఎలగ ఎడతావు?’

‘బొట్టు అవదు మావా. తీసేద్దాం.’

‘తప్పమ్మా. తియ్యకూడదు. ఉండాల, కనబడకూడదు. అలగ అవుతాదేటి?’

అవుతుందన్నాను. వరస మీద మౌస్ పెట్టి, కుడిపక్క నొక్కి, హైడ్. వరస లోపలికి పోయింది. మళ్ళీ పైవరస, కిందవరస కలిపి పట్టుకుని అన్‌హైడ్. వచ్చింది. ఆయన చిన్నపిల్లాడిలా పదిసార్లు దాచి, పదిసార్లు తీసాడు. ‘ఎంత మంచి పని సెప్పినావమ్మా’ అన్నాడు. కళ్ళు చెమర్చాయి కూడా. ఆ కన్నీళ్ళు నిజమైనవేనని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఆ రోజుకి నిజమైనవే.

తర్వాత ఇంకోటి అడిగాడు. చచ్చిపోయినవాళ్ళ వరసలు దాస్తే మొదటి గడిలో వరసనంబర్లు నాలుగు, ఆరు, ఏడు అని ఎగిరెగిరి వస్తున్నాయి, గేటు దగ్గర ఎంతమందో లెక్క తేలటం లేదు. దానికీ నా దగ్గర మందుంది. కనబడే వరసల్ని మాత్రమే లెక్కపెట్టే ఫార్ములా ఒకటి రాసి కిందదాకా లాగాను. ఎన్ని వరసలు దాచినా నంబర్లు ఒకటి, రెండు, మూడు అని సాఫీగా వస్తాయి. ఆ వేళ నాకు నేనే భుజం తట్టుకున్నాను.

అంటే షీటులో ఒక వరస దాచి ఉందని కనిపెట్టడానికి మిగిలిన దారి ఒక్కటే, ఎడంపక్క కంప్యూటర్ తనంతట తను వేసే నంబర్లు. దాచిన చోట అవి నలభై నుంచి నలభైరెండుకి గెంతుతాయి. హెడింగ్స్ టిక్కు తీసేస్తే ఆ గెంతూ కనబడదు. ఇది నాకు ఇప్పుడు అరటిపండు ఒలిచినట్టు తెలుసు. అప్పుడు మాత్రం గీతలు పోయాయి, అక్షరాలు చిన్నవయ్యాయి అన్న గొడవలోనే ఉన్నాను. గీతలూ జూమూ మార్చింది నా కళ్ళు అటు తిప్పడానికే. రోజూ అవి సరిచేసి, పెద్ద ఘనకార్యం చేసినట్టు చేతులు దులుపుకునేదాన్ని.

మావని అడిగాను. ‘కరంటు పోయి వచ్చినప్పుడల్లా అలగే అవుతాదేమోనమ్మా’ అన్నాడు. కరెంటు పోతే షీటు మొత్తం మూసుకుపోతుంది గాని ఒక్క టిక్కు ఎలా పోతుంది మావా అన్నాను. ‘నాకేటి తెలుసు, గురువువి నువ్వు’ అని నవ్వాడు. నేను కూడా నవ్వాను.

ఆ గది తాళాలు రెండే. ఒకటి నా దగ్గర, ఒకటి ఆయన దగ్గర. ఇది రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. రెండు తాళాలుంటే ఎవరు చేసారో కనుక్కోవడానికి ఎంత బుర్ర కావాలి. కాని నాకు ఆయన మీద అనుమానం వెళ్ళలేదు. సాయంత్రం ఊడవడానికి వచ్చే ఆవిడ మీదకి వెళ్ళింది. తడిగుడ్డతో కీబోర్డు తుడుస్తూ ఏవో మీటలు నొక్కేస్తోందని తీర్మానించేసాను. పిలిచి కడిగేసాను.

‘నాను ఆ మిసనుని ముట్టుకోను తల్లీ. బల్ల తుడిసి, దానికి దూరం నుండే దండం ఎట్టి ఎల్లిపోతాను’ అంది.

‘మరి నువ్వు కాకపోతే దెయ్యం చేస్తోందా?’

‘నాకు తెల్దు.’

ఆఫీసులో చెప్పి ఆవిణ్ణి ఆ గదికి రాకుండా చేయించాను. బేళ్ళ షెడ్డులో వేసారు. అక్కడ నార దుమ్ముకి ఊపిరాడదు. ఆవిడ వెళ్ళాక కూడా తెల్లారేసరికి గీతలు పోతూనే ఉన్నాయి. అప్పుడైనా బుద్ధి రావద్దా నాకు.

ఒకరోజు మావ గేటు దగ్గర్నుంచి కంగారుగా వచ్చాడు. ‘అమ్మా, ఎడంపక్క ఆ నంబర్లు తెర మీద సూసి సూసి, నా నోటికి బిళ్ళ నంబరు బదులు అదే వస్తన్నాది. ఒకడ్ని పిలవబోయి ఇంకొకడ్ని పిలిసినాను. గొడవయిపోనాది. ఆ నంబర్లు మనకెందుకు? తీసీ’ అన్నాడు. నిజమే కదా అనిపించింది. వరసనంబరొకటి, బిళ్ళనంబరొకటి, మధ్యలో ఇదొకటి ఎందుకు. హెడింగ్స్ టిక్కు ఆ రోజు నా చేత్తో నేనే తీసాను. ఆ తర్వాత గీతలు పోవడం ఆగిపోయింది. కంప్యూటర్ బాగయిందని సంబరపడ్డాను.

ఆ రోజుల్లోనే బావ నన్ను పలకరించడం మానేసాడు.

క్యూలోనే ఉండేవాడు. నేను వస్తుంటే మొహం అటు తిప్పుకునేవాడు. ‘ఏం బావా, ఉలుకూ పలుకూ లేదు’ అంటే తన చెప్పుల వైపు చూసేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వడం లేదు. ఇంట్లో అప్పతో ఏదో మాట పట్టింపు వచ్చిందనుకున్నాను. ఆదివారం నాడు వాళ్ళింటికి వెళ్తే నన్ను చూసి పెరట్లోకి పోయాడు. నాకూ ఒళ్ళు మండింది. పోతే పో అనుకుని, ఆ తర్వాత రెండు వారాలు నేనూ వెళ్ళలేదు.

అప్పుడు అప్ప ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

‘నెల దాటిపోనాదే మీ బావని పిలిసి. లిస్టులో పేరే నేదంట. నువ్వు తీసీసినావేటే?’

‘నాకేం పని తియ్యడానికి? పర్మినెంటు వాళ్ళందరూ డ్యూటీకి వస్తున్నారేమో. లిస్టు కంప్యూటర్ ఇస్తుంది గాని నేనిస్తానా?’

‘అవునా? ఆయన అడిగితే గేటు కాడ పెద్దాయన సెప్పినాడంట, లోపల మీ మరదలే కదా లిస్టు తీస్తాది, దాన్నే అడుగు అని.’

‘మరి అడగొచ్చు కదా నన్ను. నోరు పడిపోయిందా?’

‘నిన్ను బతిమాలమంటావేటే ఆయన్ని?’ అంది అప్ప, పెట్టేసింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మావ అలా ఎందుకన్నాడు అని ఒక పక్క, ఆయన ఊరికే అని ఉంటాడులే అని ఒక పక్క. తెల్లారి అయిదింటికే వెళ్ళి షీటు తెరిచాను. గీతలున్నాయి, అక్షరాలు పెద్దగా ఉన్నాయి, అంతా సవ్యంగా ఉంది. బిళ్ళ నంబర్ల గడిలో కిందకి వెళ్ళాను. నూటపదహారు. దాని కింద నూటపద్దెనిమిది. నెల్లాళ్ళుగా రోజూ నేను ప్రింటు తీసి సంతకం పెట్టిన కాగితం అది. గీతలు ఉన్నాయా లేవా చూసాను. మా బావ ఉన్నాడా లేడా చూడలేదు.

వెతికే పెట్టె తెరిచి నూటపదిహేడు కొట్టాను. లేకపోతే దొరకలేదని చెప్పాలి కదా, చెప్పలేదు. దొరికింది. కాని తెర మీద ఎక్కడా లేదు. పైన సన్నటి పట్టీలో మాత్రం 117 అని నిల్చుంది. అది దాచిన వరసలో ఉంది. దాచిన వరసలు మా షీటులో ఎవరివో నాకు తెలుసు.

వ్యూలోకి వెళ్ళి హెడింగ్స్ టిక్కు పెట్టాను. ఎడంపక్క నంబర్లు వచ్చాయి. ఒకచోట కాదు, అడుగడుగునా గెంతుతున్నాయి. షీటు మొత్తం పట్టుకుని అన్‌హైడ్ నొక్కాను. చచ్చిపోయినవాళ్ళందరూ లేచి వచ్చారు. వాళ్ళలో బతికున్నవాళ్ళు పదకొండుమంది ఉన్నారు. పదకొండుమందికీ దినాలు రెండువందలు దాటాయి. మా బావకి రెండువందల తొమ్మిది.

మావ వచ్చాడు. చేతిలో అరిసెల డబ్బా. తెర వైపు చూసి తలుపు దగ్గరే ఆగాడు.

‘తీసెయ్యలేదమ్మా. దాసినాను, అంతే. పేర్లన్నీ ఉన్నాయి’ అన్నాడు.

నా నోరు ఆగలేదు. చచ్చిపోయినవాళ్ళ మీద గౌరవమని నేర్పితే బతికున్నవాళ్ళని తీసుకెళ్ళి వాళ్ళ పక్కన పడుకోబెట్టావా అన్నాను. మా అప్ప మొగుడని తెలుసు, ఆ ఇంట్లో భోజనం చేసావు, చేతులెలా వచ్చాయన్నాను. నన్ను గురువమ్మా అని పిలిచింది ఇందుకా అన్నాను. ఇంకా అన్నాను, అవన్నీ రాయను.

ఆయన కుర్చీలో కూర్చుని అంతా విన్నాడు. వచ్చే నెలతో ఆయన సర్వీసు అయిపోతుందట. ఈ ఏడు ఎవరికీ రెండువందల నలభై పడకుండా చూస్తే రెండేళ్ళు పొడిగిస్తామన్నారట పైవాళ్ళు.

‘రెండో పిల్ల సదువు అవ్వలేదమ్మా’ అన్నాడు.

‘మా బావని గేటు దగ్గర నా పేరు చెప్పి ఎందుకు పంపావు?’

‘నిన్నయితే ఆడు అడగడు. మొగోడు కదా.’

అది విన్నాక నాకు తిట్లు కూడా అయిపోయాయి. ముప్ఫై ఏళ్ళు గేటు దగ్గర మనుషుల్ని చదివాడాయన. బావ పౌరుషం ఎంతో, నా తెలివి ఎంతో కొలిచి పెట్టుకున్నాడు. కంప్యూటర్ ఒక్కటే ఆయనకి తెలీదు, అది నేను పూర్తి చేసాను. నమ్మించి గొంతు కొయ్యడమంటే ఏమిటో నాకు ఆ కుర్చీ ఎదురుగా తెలిసింది. ఇన్నేళ్ళయినా ఆ అరిసెల డబ్బా గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

అయిదూ నలభై అయింది. పదకొండుమందితో పూర్తి లిస్టు ప్రింటు తీసి సంతకం పెట్టి ఆయన చేతిలో పెట్టాను. తీసుకెళ్ళాడు. నేను కిటికీ దగ్గర నిల్చున్నాను. చదువుతున్నాడు. నూటపన్నెండు, నూటపద్నాలుగు, నూటపదహారు. గొంతు ఆగింది. నూటపద్దెనిమిది అన్నాడు. కాగితం మీద ఉన్నదాన్ని నోటితో దాచేసాడు.

చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దగ్గరికి పరిగెత్తాను. ఆయన చేతిలోంచి కాగితం లాక్కుని ‘నూటపదిహేడు’ అన్నాను. గట్టిగానే అన్నాను. మిగతా పదిమందినీ కూడా వరసగా చదివాను. బావ ముందుకొచ్చి బిళ్ళ చూపించాడు.

‘నా దినాలెన్ని?’ అన్నాడు. నెల్లాళ్ళకి అదే మొదటి మాట నాతో.

‘రెండువందల తొమ్మిది.’

‘ఇంకా ఎన్నున్నాయి ఏడాదికి?’

కిటికీ దగ్గర నిల్చున్నప్పుడే నేను లెక్క వేసేసాను. ఆదివారాలు, మిల్లు సెలవులు తీసేస్తే ఇరవై ఏడు. రోజూ పిలిచినా రెండువందల ముప్ఫై ఆరు దగ్గర ఆగిపోతాడు.

‘ఇరవై ఏడు’ అన్నాను.

ఆయనా కూడుకున్నాడు, పెదాలు కదిలాయి. బిళ్ళ జేబులో వేసుకుని షిఫ్టుకి వెళ్ళిపోయాడు.

తర్వాత జరిగినవి బేగి చెప్పేస్తాను. ఆఫీసులో నన్ను పిలిచి, కంప్యూటర్ సాంకేతిక లోపం వల్ల కొన్ని వరసలు కనబడకుండా పోయాయని రాసి ఇమ్మన్నారు. రాస్తే పదకొండుమందికీ మంచిదే, నీకూ మంచిదే అన్నారు. కంప్యూటర్‌కి ఏ లోపమూ లేదు, దాచినవాళ్ళు దాచారు అని రాసి ఇచ్చాను. నెల కొత్తలో నన్ను రావద్దన్నారు. లిస్టుల మీద ఉన్న సంతకాలన్నీ నావే కాబట్టి తప్పు ఆపరేటర్‌దే అని తేలిందట. మావకి రెండేళ్ళు పొడిగించారు. పదకొండుమందిలో ఒక్కడికి కూడా రెండువందల నలభై పడలేదు.

వెళ్ళిపోయే రోజు బేళ్ళ షెడ్డుకి వెళ్ళి ఊడ్చే ఆవిణ్ణి వెతుక్కున్నాను. తప్పయిపోయింది, నువ్వు కాదని తెలిసింది అన్నాను. ముక్కుకి కట్టుకున్న గుడ్డ తీసి నన్ను చూసింది. ‘నాకు ముందే తెలుసు కదా’ అంది, మళ్ళీ గుడ్డ కట్టుకుంది. ఆవిడ్ని తిరిగి ఆఫీసు పనికి వేయించే చెయ్యి అప్పటికి నాకు లేదు.

ఏడాది లెక్క మూసిన సాయంత్రం బావ మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు. మంచినీళ్ళిస్తే తాగాడు. అంతా చెప్పేద్దామని నేను రెండు రోజులుగా మాటలు కూడబలుక్కుంటున్నాను. దాచడం నేర్పింది నేనే, వరసనంబర్లు సాఫీగా వచ్చేలా రాసింది నేనే, ఎడంపక్క నంబర్లు తీసింది నేనే, నీ పేరు లేని కాగితం మీద ముప్ఫైసార్లు సంతకం పెట్టింది నేనే. అన్నీ చెప్పాను. మధ్యలో ఆపలేదు ఆయన.

‘నిన్ను నాను అనుమానించినాను’ అన్నాడు చివరికి. ‘ఆ పెద్దాయన్ని అనుమానించనేదు. నువ్వూ అంతే కదా.’

‘అప్పకి నేనే చెప్తాను బావా.’

‘సెప్పకు.’

‘చెప్పకపోతే ఎలా?’

‘కంపూటరు పాడయినాదని సెప్పు. అది సిన్నప్పటి నుండి ఒక్క మాటే సెప్పుకుని తిరుగుతాది, మా సెల్లిని నానే సదివించినానని. ఇప్పుడా సదువే మమ్మల్ని ముంచినాదని తెలిస్తే దానికేటి మిగుల్తాది? ఆ ఒక్కటీ ఉండనీ.’

ఆఫీసులో ఏ మాట రాయనన్నందుకు ఉద్యోగం పోగొట్టుకున్నానో, అదే మాట మర్నాడు అప్ప వంటింట్లో కూర్చుని చెప్పాను. కంప్యూటర్ పాడయిందప్పా, వరసలు వాటంతట అవే మాయమయ్యాయి అన్నాను. నా చెయ్యి పట్టుకుని, ‘అయ్యో, నీ ఉజ్జోగం కూడా తీసీసినారా దానికోసం’ అని నాకోసం ఏడ్చింది. పదిహేను రోజుల్లో సామాను కట్టుకుని హైదరాబాదు రైలెక్కారు.

అప్పకి చదువు రాదు, అందుకే ఇది రాయగలుగుతున్నాను. మెట్ల కింద గదిలోంచి ఆదివారాలు ఫోన్ చేస్తుంది. మధ్యలో ఎవరో గంట కొడతారు, ఉండు అని వెళ్ళి, ఆయాసపడుతూ మళ్ళీ వస్తుంది. పోయిన ఆదివారం ఆ అపార్టుమెంటులో ఒక పిల్లకి కంప్యూటర్ ఉద్యోగం వచ్చి మిఠాయిలు పంచిందట. ‘జాగ్రత్త తల్లీ, ఆ మిసన్లని నమ్మకు, మా సెల్లి ఎంత సదివినాదో తెలుసా, దాన్నే మోసం సేసినాది అని సెప్పినానే’ అంది.

‘మంచి పని చేసావప్పా’ అన్నాను.